ఆసు పోసిన చెయ్యి

అమ్మ పోయి రెండేళ్లు దాటింది. ఇప్పటికీ షాపుకు వచ్చే ఆడవాళ్లలో ఎవరో ఒకరు జాకెట్ కొలతలు ఇస్తూ ఇస్తూ, "మతిమరుపే కదక్కా, దానికి మనిషి పోతదా?" అంటారు. వాళ్లను తప్పుపట్టను. 2018లో డాక్టర్ మా ముందు అల్జీమర్స్ అన్నప్పుడు నేనూ అంతే అనుకున్నాను. పేర్లు మర్చిపోతుంది, ఊర్లు మర్చిపోతుంది, చివరికి నన్నూ మర్చిపోతుంది, అంతేగా అని గుండె రాయి చేసుకున్నాను. నడక మర్చిపోతుందని, నోట్లో పెట్టిన ముద్ద మింగడం మర్చిపోతుందని నాకెవరూ చెప్పలేదు.

మాది నల్లగొండ జిల్లాలో చండూరు దిక్కు మగ్గాల ఊరు. నాన్న గుంట మగ్గం మీద చిటికి చీరలు, అంటే దారాన్ని అక్కడక్కడ కట్టి రంగులద్ది నేసే ఇక్కత్ చీరలు, నేసేవాడు. మగ్గంలో కూర్చునేది ఆయనే గానీ చీర వెనక పని సగానికి పైగా అమ్మదే. కండెలు చుట్టాలి, చిటికి కట్టాలి, అన్నిటికంటే ముందు ఆసు పోయాలి. తెలియని వాళ్ల కోసం చెబుతాను. పట్టు దారం మీద రంగు ఎక్కడ పడాలో అక్కడే పడాలంటే ముందు దారాన్ని లెక్క తప్పకుండా పరుచుకోవాలి. ఒక కొసన ఒక్క మేకు, ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరుసగా మేకులు. దారం పట్టుకుని చెయ్యి ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు పోతూనే ఉండాలి. ఒక్క చీరకు 9,000 సార్లు. నాలుగైదు గంటల పని. రోజుకు రెండు చీరలకు పోసిన రోజులు అమ్మకు చాలా ఉన్నాయి. చింతకింది మల్లేశం గారు వాళ్లమ్మ భుజం నొప్పి చూడలేక 1999లో ఆసు మిషన్ తయారుచేశారు, 2017లో ఆయనకు పద్మశ్రీ కూడా ఇచ్చారు. మా ఇంటికి ఆ మిషన్ వచ్చేసరికి అమ్మ కుడి భుజం అరిగిపోయింది.

నాన్న 2014లో పోయాడు. తమ్ముడు అప్పటికే మహారాష్ట్రలోని భివండీలో పవర్‌లూమ్‌ల మీద పనిచేస్తున్నాడు. నేను పెళ్లయినప్పటి నుంచీ నల్లగొండలోనే, బ్లౌజులు కుట్టే షాపు. అమ్మ ఒక్కతే ఊళ్లో.

మొదట తేడా ఎప్పుడు వచ్చిందో చెప్పమంటే 2016 నవంబర్ అంటాను. పెద్ద నోట్లు రద్దయిన రోజులు. అమ్మ పింఛను డబ్బులు చేతిలో పట్టుకుని ఏ నోటు ఎంతో తెలియక దుకాణం ముందు నిలబడిపోయిందని పక్కింటావిడ ఫోన్ చేసింది. నవ్వుకున్నాం. ఆ నెలలో నోట్లు చూసి తికమక పడని వాళ్లెవరు? గులాబీ రంగు రెండు వేల నోటును చూసి మా ఆయనే చాక్లెట్ కాగితమన్నాడు. ఊరంతా తికమక పడుతుంటే అందులో అమ్మ తికమక కలిసిపోయింది. మూడు నెలలకు అందరికీ నోట్లు అలవాటయ్యాయి, అమ్మకు కాలేదు. అప్పుడైనా మాకు అనుమానం రావాలి, రాలేదు.

రెండోది వాసన. నేను వెళ్లిన ఒక రోజు పొయ్యి మీద పాలు పొంగి, మాడి, గిన్నె నల్లబడింది. ఇల్లంతా కమురు వాసన. అమ్మ రెండడుగుల దూరంలో కూర్చుని చేటలో బియ్యం ఏరుకుంటోంది. ముక్కు చిట్లించను కూడా లేదు. జలుబేమో అనుకున్నా. వాసన తెలియకపోవడం ఈ జబ్బులో చాలా ముందుగా వచ్చే గుర్తుల్లో ఒకటని తర్వాత తెలిసింది. కూరలో ఉప్పు రెండుసార్లు వేయడం, "ఏం కూర చేసినవ్ బిడ్డా?" అని పది నిమిషాల్లో నాలుగుసార్లు అడగడం, ఇవన్నీ ఉన్నాయి. వాటికి మా దగ్గర ఒకటే జవాబు: వయసు. కానీ ఒక మధ్యాహ్నం చిటికి కట్టడానికి కూర్చుని, ట్యూబు రబ్బరు ముక్క వేళ్ల మధ్య పట్టుకుని, ఎక్కడ కట్టాలో తెలియక ఏడ్చింది. యాభై ఏళ్లు చేసిన పని. ఆ రోజు మాత్రం భయపడ్డాను.

తర్వాత ఏడాది వృథా పోయింది. ఊరి ఆర్‌ఎంపీ బలం ఇంజెక్షన్లు పొడిచాడు. చుట్టాలు గాలి సోకిందన్నారు, అమావాస్య నాడు చెరువుగట్టు రామలింగేశ్వరుడి గుట్ట మీద నిద్ర చేయించమన్నారు. చేయించాను. అంత జనంలో, లౌడ్‌స్పీకర్ల మోతలో అమ్మ రాత్రంతా నా కొంగు వదల్లేదు. దేవుడి మీద నాకు కోపం లేదు గానీ, మతి కుదురుగా లేని మనిషిని రద్దీలోకి తీసుకెళ్లడం ఎంత పొరపాటో ఆ రాత్రే తెలిసింది.

చివరికి హైదరాబాద్‌లో న్యూరాలజీ డాక్టర్ దగ్గరికి. ఆయన చేసిన మొదటి పని, ఇది అల్జీమర్స్ కాకపోయే దారులన్నీ వెతకడం. బీ12, థైరాయిడ్, సోడియం, షుగర్ పరీక్షలు రాశారు, మనసు బాగుందా లేదా అని చాలాసేపు అడిగారు. బీ12 తగ్గినా, థైరాయిడ్ తగ్గినా, దిగులు ముదిరినా మతిమరుపు వస్తుందట, వాటికి మందు వేస్తే చాలావరకు తగ్గుతుందట. ఇంట్లో ఎవరికైనా మరుపు మొదలైతే వయసు అనుకుని ఊరుకోకుండా ముందు ఇవన్నీ చూపించండి. అమ్మకు అన్నీ మామూలుగానే వచ్చాయి. అవి చెడిపోయి ఉంటే బాగుండేదని బస్సులో ఏడ్చాను.

అమ్మ బడి మొహం చూడలేదు. గడియారం బొమ్మ గీయమంటే ఏం గీస్తుంది? డాక్టర్ అలా అడగలేదు. మూడు వస్తువుల పేర్లు చెప్పి కాసేపాగి మళ్లీ అడిగారు, దసరాకు ముందు ఏ పండుగ అన్నారు, చీర ఎలా నేస్తారో చెప్పమన్నారు. నేత గురించి తప్పు పోకుండా చెప్పింది. మూడు పేర్లలో ఒక్కటీ చెప్పలేదు. ఉర్దూ వచ్చా అని కూడా అడిగారు. సాహుకార్లతో మాట్లాడేంత వచ్చన్నాను. హైదరాబాద్ నిమ్స్‌లో జరిగిన అధ్యయనం 2013లో వెలువడిందట, 648 మంది రోగులను చూస్తే రెండు భాషలు వచ్చినవాళ్లకు జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందట, చదువురాని వాళ్లలో కూడా. అమ్మకు ఆ నాలుగేళ్లు దొరికాయో లేదో ఎవరు చెప్పగలరు?

ఎంఆర్ఐ ఫిల్మ్ లైటు ముందు పెట్టి, చెవుల లోపలి వైపు రెండు చోట్ల వేలు పెట్టి చూపించారు. హిప్పోక్యాంపస్ అట. కొత్త జ్ఞాపకాలు పడేది అక్కడ. రెండు పక్కలా కుంచించుకుపోయి చుట్టూ నల్లటి సందు కనబడుతోంది. ఎందుకు కుంచించుకుపోయిందని అడిగితే, మెదడు కణాల మధ్య అమైలాయిడ్ అనే ప్రోటీన్ గడ్డలుగా పేరుకుంటుందన్నారు. కణాల లోపల టావ్ అనే ఇంకో ప్రోటీన్ ఉంటుంది, సరుకు రవాణా చేసే గొట్టాలను అది నిలబెట్టి ఉంచుతుంది. జబ్బులో అది ఊడి వచ్చి మెలికలు పడుతుంది, కణం ఆకలితో చచ్చిపోతుంది. నేను మగ్గాల ఇంట్లో పుట్టినదాన్ని కాబట్టి నాకు ఒకలా అర్థమైంది. పడుగుకు గంజి పెట్టేటప్పుడు సరిగా కలపకపోతే పోగుల మధ్య ముద్దలు కడతాయి. దారం లోపలి నుంచే చిక్కుపడితే మాత్రం విప్పలేం, కత్తిరించి పారేయాలి. అమ్మ తలలో రెండూ ఒకేసారి జరుగుతున్నాయి.

ఇంకో మాట కూడా అన్నారు, అది ఇప్పటికీ నిద్రపోనివ్వదు. మరుపు బయటపడడానికి 15, 20 ఏళ్ల ముందే లోపల ఇది మొదలవుతుందట. ఆధార్ ప్రకారం అమ్మకు అప్పుడు 68. అంటే 50కి అటూ ఇటూగా, రోజుకు రెండు చీరల ఆసు పోస్తున్న రోజుల్లోనే.

మందుల గురించి పెద్దగా చెప్పడానికి లేదు. డోనెపెజిల్ 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి 10 చేశారు. జబ్బులో తగ్గిపోయే ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని కాస్త నిలబెడుతుంది, అంతే. జబ్బును ఆపదు. గుండె నెమ్మదిస్తుందేమోనని ముందే ఈసీజీ తీశారు. మొదటి పదిహేను రోజులు విరేచనాలు, పీడకలలు. రాత్రి వేసే మాత్ర పొద్దునకు మారిస్తే కలలు తగ్గాయి. రెండేళ్లకు మెమాంటిన్ అనే ఇంకో మందు కలిపారు. అమెరికాలో 2023లో లెకానెమాబ్ అనే ఇంజెక్షన్‌కు పూర్తి అనుమతి వచ్చిందని తమ్ముడు వాట్సాప్‌లో పంపాడు. అది జబ్బు మొదటి దశలో ఉన్నవాళ్లకు మాత్రమే. అప్పటికి అమ్మ మంచంలో ఉంది.

జబ్బు పేరు తెలిసిన ఏడాదే, 2018లోనే, అమ్మను నల్లగొండ తెచ్చుకున్నాను. బిడ్డ ఇంట్లో ఎన్నాళ్లుంటుందని ఊళ్లో అన్నారు, అననివ్వండి. పగలు పర్వాలేదు. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు అమ్మ మనిషి మారిపోయేది. లేచి చీర సర్దుకుని గుమ్మం దగ్గర నిలబడేది.

"ఇంటికి పోత. మా అవ్వ ఎదురుచూస్తది."

మొదట్లో నేను వాదించేదాన్ని. "అవ్వ సచ్చిపోయి ముప్పై ఏండ్లాయె గదనే అమ్మా" అన్నాను ఒక రోజు. ఆ క్షణం ఆమెకు అది కొత్త చావు. గుండెలు బాదుకుని ఏడ్చింది. మర్నాడు సాయంత్రానికి మర్చిపోయి మళ్లీ అడిగింది. నేను మళ్లీ చెప్పాను. అలా నాలుగు రోజులు నా చేతులతో మా అమ్మమ్మను నాలుగుసార్లు చంపాను. తర్వాత బుద్ధి వచ్చింది. "చాయ్ తాగి పోదాం తీ" అనేదాన్ని. చాయ్ తాగేలోపు సంగతి మారిపోయేది. ఒక్కోసారి నన్ను "అక్కా" అని పిలిచేది, నేను "ఆఁ చెల్లె" అని పలికేదాన్ని. పుస్తెల గుండ్లు నేనే దొంగతనం చేశానని వీధంతా వినేలా తిట్టిన రోజూ ఉంది. అవి బియ్యం డబ్బాలో దొరికాయి. ఆమె దాచినవే. తప్పు ఆమెది కాదని తెలుసు. తెలిసినా మనసుకు తగులుతుంది.

ఆ సాయంత్రాలకు మందు అనుకోకుండా దొరికింది. షాపులో మిగిలిన దారం ఉండ చేతిలో పెడితే అమ్మ దాన్ని మోకాలికి, బొటనవేలికి మధ్య తిప్పడం మొదలుపెట్టింది. ఇటు, అటు. చిటికి ఎక్కడ కట్టాలో తెలియని మనిషికి చెయ్యి మాత్రం తిరుగుతోంది. డాక్టర్‌కు చెబితే ఆశ్చర్యపోలేదు. చేసి చేసి చేతికి వచ్చిన పని మెదడులో వేరే చోట ఉంటుందట, హిప్పోక్యాంపస్ పోయినా అది చాలాకాలం ఉంటుందట. ఆ తర్వాత మా ఆయన పలక చెక్క మీద గుండ్రటి కొయ్య మేకులు ఏడు దిగ్గొట్టి ఇచ్చాడు. రోజూ సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర వరకు అమ్మకు డ్యూటీ. "ఎన్ని చీరలైనయ్?" అంటే "ఇంకొకటున్నది" అనేది, ఎప్పుడడిగినా.

2019 ఎండాకాలంలో ఒకసారి తప్పిపోయింది. నేను గిరాకీతో మాట్లాడుతున్న పది నిమిషాల్లో. క్లాక్ టవర్, బస్టాండు, పానగల్ రోడ్డు, అన్నీ వెతికాం. రాత్రి తొమ్మిదింటికి ఒక ఆటో అబ్బాయి తెచ్చి దింపాడు. దేవరకొండ రోడ్డు మీద చెప్పుల్లేకుండా నడుస్తోందట. ఎవరింటికి అంటే మా అమ్మమ్మ పేరు చెప్పిందట. మా షాపు బోర్డు చూసి "గీడ ఆపు" అందంటే అదృష్టమే. ఆ రాత్రే కూర్చుని అమ్మ జాకెట్లన్నిటికీ లోపలి పట్టీ మీద నా ఫోన్ నంబరు ఎర్ర దారంతో కుట్టాను. కాగితం జేబులో పెడితే పారేస్తుంది, మెడలో కార్డు వేస్తే తెంపేస్తుంది. జాకెట్ మీద కుట్టు ఎటూ పోదు. పధ్నాలుగు జాకెట్లు. 6 అంకె కుట్టడం అంత కష్టమని అప్పుడే తెలిసింది.

2020 చివరికి జబ్బు ఒంటి మీదికి వచ్చింది. గడప ముందు నల్ల రంగు పట్టా వేసి ఉండేది. అమ్మ దాని దగ్గరికి రాగానే ఆగిపోయేది, గోడ పట్టుకుని వణికేది. మొండితనం అనుకుని చెయ్యి పట్టి లాగాను కూడా. తర్వాత అర్థమైంది, ఆమెకు అది పట్టా కాదు, గుంత. కళ్లు బాగానే ఉన్నా లోతు ఎంతో, ఏది నేలో ఏది నీడో మెదడు చెప్పలేకపోతుంది. పట్టా తీసేశాను, గడప దాటింది. అద్దంలో "గా ముసల్ది ఎవరే, ఊకె సూస్తది" అని కసిరేది. అద్దానికి గుడ్డ కప్పాను.

అడుగులు చిన్నవయ్యాయి, పాదాలు ఈడ్చి నడిచేది, ఒళ్లు బిగుసుకుపోయింది. ఇక్కడ మా జిల్లా సంగతి ఒకటి ఉంది. ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన ఊర్లు మావి. నడుం వంగి, మెడ తిరగక, కీళ్లు బిగిసిన ముసలివాళ్లు ప్రతి వాడలో ఉంటారు. అమ్మదీ అదేననుకుని ఆరు నెలలు నొప్పుల నూనె రాశాం. ఎక్స్‌రేలో ఎముకల్లో ఫ్లోరైడ్ జాడ కొంత ఉంది, నిజమే. కానీ డాక్టర్ అమ్మ మోచెయ్యి మెల్లగా వంచి చాపి చూపించారు. ఎముక అడ్డుపడడం లేదు, కండరమే ఎదురు తిరుగుతోంది. వదిలేయమన్న ఆజ్ఞ పైనుంచి, మెదడు నుంచి, రావడం లేదు.

ఒంటికి, రెంటికి విషయంలో కూడా నేను మొదట తిట్టిన దాన్నే. బాత్రూం ఎక్కడుందో తెలియక మూలన కూర్చునేది. తలుపుకు ఎర్ర రంగు వేస్తే ఏడాది గడిచింది. ఆ తర్వాత వస్తోందన్న సంగతే ఆమెకు తెలిసేది కాదు. అప్పుడు డైపర్లు.

ఇది మాత్రం ఎవరూ మర్చిపోవద్దు. 2021లో ఒక రాత్రి అమ్మ ఉన్నట్టుండి పూర్తిగా మారిపోయింది. గోడ మీద పాములున్నాయని అరుపులు, నన్ను గోళ్లతో రక్కింది. జబ్బు ముదిరిందనుకున్నాం. దగ్గర్లోని ఒక డాక్టర్ మత్తు మందు రాశారు. రెండు రోజులు కట్టెలా బిగుసుకుని పడి ఉంది. హైదరాబాద్‌కు ఫోన్ చేస్తే న్యూరాలజీ డాక్టర్ ఒకటే అన్నారు: "అల్జీమర్స్ రాత్రికి రాత్రే ముదరదు. మూత్రం పరీక్ష చేయించండి." ఇన్ఫెక్షన్. యాంటీబయాటిక్ వేసిన వారానికి మళ్లీ మా పాత అమ్మే, మేకుల చెక్క దగ్గర కూర్చుంది. ఒక్క రోజులో మనిషి మారితే మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, కొత్త మాత్ర, వీటిలో ఏదో ఒకటి ఉందేమో వెతకాలి. జలుబుకు వాడే కొన్ని మాత్రలు కూడా మతి చెడగొడతాయట. ఆ దగ్గర్లోని డాక్టర్ రాసినలాంటి మత్తు మందులతో ఇలాంటి ముసలివాళ్లకు పక్షవాతం, ప్రాణం ముప్పు పెరుగుతాయని కూడా అప్పుడే చెప్పారు.

2022 బతుకమ్మకు అమ్మ మాటలు పది కూడా లేవు. కానీ వాకిట్లో ఆడవాళ్లు ఉయ్యాలో అని ఎత్తుకోగానే పెదవులు కదిలాయి. నేను వంగి చెవి పెట్టాను. శ్రుతిలోనే ఉంది.

తర్వాత మింగడం. ముద్ద దవడలో పెట్టుకుని అలాగే ఉండిపోయేది. నీళ్లు తాగితే దగ్గు. పల్చటిది ఊపిరితిత్తుల్లోకి జారుతుందట, చిక్కటిది మేలట. జావ, మెత్తగా పిసికిన జొన్న గటక, పెరుగు. నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కాస్త కిందికి వంచి, చిన్న చెంచాతో, మింగిందో లేదో గొంతు మీద చూసి తర్వాతిది. తిన్నాక అరగంట పడుకోబెట్టకూడదు. ఒక్క పూటకు గంటన్నర పట్టేది. అయినా 58 కిలోల మనిషి 36కు వచ్చింది. ముక్కులోంచి గొట్టం వేయిద్దామా అని తమ్ముడు భివండీ నుంచి ఏడ్చాడు. ఈ దశలో గొట్టం వేసినా న్యుమోనియా ఆగదని, ఆయుష్షు పెరగదని, చేతులు కట్టేయాల్సి వస్తుందని డాక్టర్ చెప్పారు. చేతులు కట్టేయడమన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. గొట్టం వద్దన్నాను. తమ్ముడు నెల రోజులు నాతో సరిగా మాట్లాడలేదు.

చివరి ఏడాది మంచమే. రెండు గంటలకోసారి పక్క తిప్పాలి. ఒక్క రాత్రి నేను నిద్రపోతే నడుం కింది ఎముక దగ్గర రూపాయి బిళ్లంత పుండు పడింది, మానడానికి మూడు నెలలు. ఆమె అరచేతిలో నా వేలు పెడితే పసిపిల్లలా గట్టిగా పట్టేసేది. గుర్తుపట్టిందని సంబరపడి డాక్టర్‌కు వీడియో పంపాను. పుట్టిన పిల్లలకు ఉండే పట్టు అది, మెదడు పై భాగం దెబ్బతిన్నాక మళ్లీ బయటపడుతుందని మెల్లగా చెప్పారు. సరే, అలాగే అనుకోండి. నేను వేలు మాత్రం తీయలేదు.

ఆ పట్టు లేని చెయ్యి, కుడిది, దుప్పటి మీద అప్పుడప్పుడు కదిలేది. మణికట్టు మాత్రమే, జానెడు దూరం. ఇటు, అటు. దారం లేదు, మేకులు లేవు. 2023 దీపావళి తర్వాత అదీ ఆగింది.

2024 జనవరిలో, సంక్రాంతి ఇంకా వారం ఉందనగా, జ్వరం, ఆయాసం. న్యుమోనియా. ఆస్పత్రిలో నాలుగు రోజులు. సర్టిఫికెట్ మీద కూడా న్యుమోనియా అనే రాశారు. ఊరికి తీసుకుపోయి స్నానం చేయించేటప్పుడు పాత జాకెట్ కత్తిరించి తీశారు. లోపలి పట్టీ మీద నా నంబరు చూసి పెద్దమ్మ ఇదేందే అని అడిగింది.

తమ్ముడికి ఇప్పుడు వేరే భయం. బండి తాళంచెవి కనబడకపోతే చాలు, ఫోన్ చేసి "అక్కా, నాకు గూడ వస్తదా?" అంటాడు. తల్లికి ముసలితనంలో వచ్చిందని బిడ్డలకు వచ్చి తీరాలని లేదు, మిగతావాళ్ల కంటే కాస్త ఎక్కువ అవకాశం, అంతే. యాభైలలోపే వచ్చే వంశపారంపర్య రకం చాలా అరుదు. ఇవన్నీ చెప్పి, బీపీ, షుగర్ చూయించుకో, గుట్కా మానుకో, వినికిడి తగ్గడం కూడా ఒక కారణమేనట, ముప్పై ఏళ్లు ఆ పవర్‌లూమ్‌ల మోతలో ఉన్నావు, ముందు చెవులు చూపించుకో అన్నాను. మొన్న చెవుల డాక్టర్ దగ్గరికి వెళ్లాడట. ఎడమ చెవికి మిషన్ పెట్టుకోమన్నారట. పెట్టుకున్నావా అని అడిగాను.

"ఆఁ? ఏందక్కా?" అన్నాడు.